జీడిపప్పు యూనిట్‌కు ఏ ఈఆర్‌పీ? ఒడిశా సరిహద్దు వ్యాపారులకు దశలవారీ మార్గదర్శి

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం వైపు జీడి పిక్కల వ్యాపారం చేసేవాళ్లు, మిల్లులు నడిపేవాళ్లు ఈ మధ్య తరచూ ఒకే మాట అడుగుతున్నారు. "ముగ్గురు వచ్చి ఈఆర్‌పీ చూపించి వెళ్లారు. మూడూ బాగానే ఉన్నాయి. ఏది తీసుకోమంటారు?"

ఈఆర్‌పీ అంటే కొనుగోలు నుంచి ఖాతాల దాకా వ్యాపారం మొత్తాన్ని ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్. మూడూ బాగానే కనిపించడమే అసలు చిక్కు. డెమోలో కనిపించేది వాళ్ల సరుకు, వాళ్ల రేట్లు, వాళ్ల పార్టీలు. అందులో గోనె తరుగు ఉండదు. రైతుకు ఇచ్చిన అడ్వాన్సు ఉండదు. పిక్కలు ఒడిశాలో కొని, కటింగ్‌కు పలాస పంపి, పప్పు తిరిగి బరంపురం తెచ్చుకోవడం అసలే ఉండదు. మీ కాగితాలు వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, జవాబు మీకు ముందే తెలిసిన లెక్కలు చేయించి చూస్తేనే తేడా బయటపడుతుంది. ఆ పని వరుసగా ఎలా చేయాలో కింద రాశాను.

ఉదాహరణకు జీడిపప్పు యూనిట్‌ను తీసుకున్నాను. రైస్ మిల్లు వాళ్లు పిక్కల చోట ధాన్యం, గుండు (విరగని పప్పు), బద్దల (రెండుగా విడిన పప్పు) చోట బియ్యం, నూకలు, తవుడు అనుకుని చదవండి. పద్ధతి అదే.

## 1. ముందు ఈఆర్‌పీ కావాలో లేదో తేల్చుకోండి

బిల్లులు కొట్టడం, జీఎస్టీ రిటర్నులు, బాకీల జాబితా వరకే మీ ఇబ్బంది అయితే మంచి లెక్కల సాఫ్ట్‌వేర్ చాలు. కొనుగోలు, గోడౌన్, ఉత్పత్తి, కూలి, అమ్మకం, ఖాతాలు అన్నీ ఒకే ఎంట్రీ మీద నడవాల్సి వచ్చినప్పుడే ఈఆర్‌పీ అవసరం. కింది వాటిలో మూడైనా మీకు వర్తిస్తే ముందుకు వెళ్లండి.

- ఒకే సరుకును గోడౌన్ పుస్తకంలో ఒకసారి, ఎక్సెల్‌లో ఒకసారి, ఖాతాల్లో ఒకసారి రాస్తున్నారు
- ఏ గ్రేడు పప్పు ఎన్ని డబ్బాలు ఉందో గోడౌన్‌కు ఫోన్ చేయందే తెలియదు
- ఒక లాట్‌లో లాభం వచ్చిందో నష్టం వచ్చిందో సీజన్ అయ్యాక గానీ తేలడం లేదు
- ఒడిశాలో ఒక జీఎస్టీ నంబరు, ఆంధ్రాలో ఒకటి ఉన్నాయి
- జాబ్ వర్క్‌కు (బయటి యూనిట్‌లో పని చేయించడానికి) పంపిన సరుకులో ఎంత తిరిగి వచ్చిందో చలాన్ల కట్ట విప్పి చూడాల్సి వస్తోంది

ఇక్కడ జరిగే తప్పు: సరుకు దిగిన రోజు రాసే అలవాటే లేని గోడౌన్‌కు ఈఆర్‌పీ కొనడం. వారం సరుకు శనివారం కూర్చుని ఒకేసారి రాసే చోట ఏ సాఫ్ట్‌వేర్ అయినా అబద్ధమే చెబుతుంది.

సరిచేసుకునే దారి: ముందు ఒక నెల పాటు మామూలు పుస్తకంలోనే ఏ రోజు సరుకు ఆ రోజే రాయించండి. అది నిలబడ్డాకే అమ్మేవాళ్లను పిలవండి.

## 2. అసలు కాగితాలు పోగేయండి

ఒక మామూలు వారం, సీజన్ మధ్యలో ఒక వారం ఎంచుకుని ఆ రోజుల కాగితాలన్నీ జిరాక్స్ తీయించి ఒక ఫైల్లో పెట్టండి. శుభ్రంగా ఉన్నవాటిని ఏరకండి. కొట్టివేతలు ఉన్నవి, వెనక పెన్నుతో లెక్క వేసినవి ముఖ్యంగా కావాలి.

- కాటా చీటీ, కొనుగోలు చీటీ
- రైతు, దళారి అడ్వాన్సుల ఖాతా
- జాబ్ వర్క్ చలాన్, తిరిగి వచ్చిన సరుకు చీటీ
- లాట్ రిజిస్టర్: బాయిలింగ్, కటింగ్, బోర్మా (పప్పు ఆరబెట్టే గది), పీలింగ్, గ్రేడింగ్
- పీలింగ్ కూలి చిట్టా
- అమ్మకం బిల్లు, ఇ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం), లారీ రసీదు
- వాపసు వచ్చిన సరుకు క్రెడిట్ నోట్
- బ్రోకరేజి, ముఠా కూలి వోచర్లు

ఒక్క కొనుగోలు చీటీని దగ్గరగా చూడండి, ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది. పైన రైతు పేరు, ఊరు. కింద 42 బస్తాలు. కాటా బరువు 3,318 కిలోలు. గోనె తరుగు బస్తాకు కిలో చొప్పున 42. తేమ ఉందని ఇంకో 26 కొట్టేశారు. నికరం 3,250. ధర మాత్రం కిలోకు కాదు, 80 కిలోల బస్తాకు 12,000 రూపాయలు. అంటే ఇవ్వాల్సింది 4,87,500. అడ్వాన్సు 20,000 పోను చేతికి 4,67,500.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో 42 బస్తాలు అని నొక్కి, రేటు 12,000 అని వేస్తే 5,04,000 వస్తుంది. ఒక్క చీటీలోనే తేడా 16,500. గోడౌన్‌లో లెక్కపెట్టడానికి 42 సంచులు కావాలి, డబ్బు లెక్కకు 3,250 కిలోలు కావాలి, రేటుకు 80 కిలోల కొలత కావాలి. ఈ మూడూ ఒకే ఎంట్రీలో పట్టాలి. తరుగు, తేమ కోత విడివిడిగా కనిపించాలి. "నికరం మీరే లెక్కవేసి ఎక్కించండి సార్, అదే పోతుంది" అన్నవాళ్లకు మార్కులు తగ్గించండి. కోత ఎవరు ఎంత కొట్టారో చెప్పలేని సాఫ్ట్‌వేర్ మీకు పనికిరాదు.

## 3. సరుకు నడక ఒక కాగితం మీద గీయండి

పిక్కలు ఎక్కడ దిగుతాయి, ఎక్కడికి పోతాయి, ఏ మలుపులో ఎవరు రాస్తారు, ఆ కాగితం ఎవరి దగ్గర ఆగుతుంది. ఒక పేజీ చాలు. గోడౌన్ గుమస్తాను, పీలింగ్ సూపర్‌వైజర్‌ను, అకౌంటెంట్‌ను కలిపి కూర్చోబెట్టి గీయించండి. యజమాని ఒక్కరే గీస్తే పని ఎలా జరగాలో అది వస్తుంది, జరుగుతున్నది రాదు.

## 4. సరిహద్దు వల్ల వచ్చే పన్ను పరీక్షలు

విశాఖలోనో హైదరాబాద్‌లోనో బాగా నడుస్తున్న సాఫ్ట్‌వేర్ మన దగ్గర తడబడేది ఎక్కువగా ఇక్కడే. వాళ్ల పార్టీల్లో చాలామందికి ఒకే రాష్ట్రం. మనకు పొద్దున పర్లాకిమిడి, మధ్యాహ్నం పాతపట్నం. కింది ఆరూ తప్పనిసరి పరీక్షలుగా పెట్టుకోండి. ఒకటి తప్పినా ఆ సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టడమే మంచిది.

రెండు జీఎస్టీ నంబర్లు. ఒడిశా నంబరు 21తో, ఆంధ్రా నంబరు 37తో మొదలవుతుంది. పాన్ ఒకటే అయినా జీఎస్టీ చట్టం ఈ రెండింటినీ వేర్వేరు వ్యక్తులుగానే చూస్తుంది. బరంపురం గోడౌన్ నుంచి పలాసలోని మీ సొంత గోడౌన్‌కు పంపినా ఐజీఎస్టీతో (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై పడే జీఎస్టీ) పన్ను బిల్లు పడాలి. దాన్ని సాఫ్ట్‌వేర్ మామూలు గోడౌన్ మార్పిడిగా చూపిస్తే తప్పు.

రైతు దగ్గర పిక్కల కొనుగోలు. పెంకు తీయని జీడి పిక్కలను రైతు దగ్గర కొంటే పన్ను కట్టాల్సింది కొన్నవాళ్లే, రివర్స్ ఛార్జ్ కింద. పై చీటీ మీద 5 శాతం అంటే 24,375 రూపాయలు. దాన్ని ముందు నగదుగా కట్టి తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. సెల్ఫ్ ఇన్వాయిస్ కూడా మీరే రాసుకోవాలి, దానికి 2024 నవంబర్ 1 నుంచి 30 రోజుల గడువు ఉంది. రైతు చీటీ ఎక్కించగానే సెల్ఫ్ ఇన్వాయిస్ దానంతటదే రావాలి. అదే పిక్కలు రిజిస్టర్డ్ వ్యాపారి దగ్గర కొన్నప్పుడు రాకూడదు. రెండూ చేయించి చూడండి.

వేరే రాష్ట్రానికి జాబ్ వర్క్. పర్లాకిమిడి నుంచి పలాసకు కటింగ్‌కు పంపితే సరుకు విలువ 50,000 దాటకపోయినా ఇ-వే బిల్లు ఉండాల్సిందే. విలువ చూసి "అవసరం లేదు" అని చెప్పే సాఫ్ట్‌వేర్‌తో లారీ దారిలో ఆగుతుంది. సరుకు ఏడాదిలోగా తిరిగి రావాలి. కాబట్టి ఏ చలాన్ మీద ఎన్ని కిలోలు ఇంకా రావాలో, పంపి ఎన్ని రోజులైందో ఒక్క నొక్కులో కనిపించాలి.

చిరునామా ఉన్న చిల్లర బిల్లు. జీఎస్టీ నంబరు లేని పాతపట్నం మనిషి మీ పర్లాకిమిడి కొట్టుకు వచ్చి పది కిలోల పప్పు కొన్నాడు. బిల్లులో అతని ఆంధ్రా చిరునామా రాస్తే, 2023 అక్టోబర్ 1 నుంచి సప్లై స్థలం ఆంధ్రాయే, పన్ను ఐజీఎస్టీ. చిరునామా రాయకపోతే మీ రాష్ట్రమే. చిరునామా మార్చగానే పన్ను మారుతోందో లేదో మీ కళ్లతో చూడండి. తప్పు పన్ను కడితే సరైనది మళ్లీ కట్టి, మొదటిది రీఫండ్ అడుక్కోవాలి.

ఇ-ఇన్వాయిస్ పరిమితి. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లకు వ్యాపారుల మధ్య బిల్లులకు ఇ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసిన బిల్లు) తప్పనిసరి. ఈ లెక్క పాన్ మీద, రెండు రాష్ట్రాలూ కలిపి చూస్తారు. ఒడిశాలో మూడు కోట్లే కదా అనుకుని ఆంధ్రాలోని రెండున్నర కోట్లు మరచిపోయేవాళ్లు ఉన్నారు. టర్నోవర్ 10 కోట్లు, అంతకు మించి ఉంటే బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోగా పోర్టల్‌కు ఎక్కించాలి.

తేదీని బట్టి రేటు. 2025 సెప్టెంబర్ 22న చాలా సరుకుల జీఎస్టీ రేట్లు మారాయి. ఐటమ్‌లో పన్ను రేటు ఏ తేదీ నుంచి ఎంత అని విడిగా పెట్టే వీలుండాలి. రేటు మార్చగానే పాత బిల్లుల ప్రింటు కూడా మారిపోతే ఆ సాఫ్ట్‌వేర్‌ను ముట్టుకోవద్దు.

## 5. ఖరీదు పంపకం పరీక్ష

నా దృష్టిలో మొత్తం పోలికలో ఇదే కీలకం. చాలా ఈఆర్‌పీలు పది వస్తువులు కలిపి ఒకటి తయారు చేసే ఫ్యాక్టరీని మనసులో పెట్టుకుని కట్టినవి. మన పని దానికి తలకిందులు. ఒక్క పిక్క నుంచి గుండు, బద్ద, ముక్క, తొక్క, పొట్టు వస్తాయి. పిక్కకు పెట్టిన డబ్బును వీటి మధ్య ఎలా పంచుతుందన్న దాని మీదే లాభనష్టాల చిత్రమంతా ఆధారపడుతుంది.

లెక్క తేలికగా ఉండాలని గుండ్రటి అంకెలు వేస్తున్నాను, మీ రేట్లు మీరు పెట్టుకోండి. 100 బస్తాలు, అంటే 8,000 కిలోల పిక్కలు, 12,00,000 రూపాయలు. కూలి, కట్టెలు, కరెంటు కలిపి 1,50,000. తొక్క అమ్మితే 30,000 వచ్చింది, అది పోను పంచాల్సిన ఖరీదు 13,20,000. దిగిన పప్పు 2,200 కిలోలు.

- డబ్ల్యూ-240 గుండు: 300 కిలోలు, అమ్మకం ధర కిలో 900
- డబ్ల్యూ-320 గుండు: 800 కిలోలు, 800
- మిగతా గుండు: 400 కిలోలు, 750
- బద్ద: 450 కిలోలు, 700
- ముక్క: 250 కిలోలు, 500

బరువు మీద పంచితే ప్రతి గ్రేడుకూ కిలో 600 పడుతుంది. అప్పుడు ముక్క కిలోకు 100 నష్టం, డబ్ల్యూ-240 కిలోకు 300 లాభం అని రిపోర్టు వస్తుంది. అది చూసి ముక్క అమ్మడం మానేద్దామనిపిస్తుంది. గుండు విరగకుండా ముక్క ఎక్కడి నుంచి వచ్చింది? అది విడిగా కొన్న సరుకు కాదు కదా.

అమ్మకం విలువ మీద పంచి చూడండి. మొత్తం విలువ 16,50,000, ఖరీదు దానిలో 80 శాతం. డబ్ల్యూ-240 ఖరీదు 720, డబ్ల్యూ-320ది 640, మిగతా గుండు 600, బద్ద 560, ముక్క 400. ప్రతి గ్రేడులోనూ అమ్మకంలో ఐదో వంతు లాభం. సరుకు విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 కూడా ఉమ్మడి ఉత్పత్తులకు ఈ పద్ధతిని ఒప్పుకుంటుంది. మీ ఆడిటర్‌తో మాట్లాడి ఏ పద్ధతో ముందే ఖాయం చేసుకోండి, ఏటా మార్చకండి.

ఈ ఐదు అంకెలూ ఒక కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. డెమోలో ఈ లాట్‌నే ఎక్కించమనండి. మీ దగ్గరున్న జవాబు వస్తోందా? రాకపోతే ఏ పద్ధతిలో పంచిందో చెప్పగలరా? తర్వాత ఒక మాట తప్పక అడగండి: గ్రేడింగ్ అయ్యాక ఈ లాట్‌కు మాత్రమే శాతాలు మార్చవచ్చా? ముందే ఫార్ములాలో స్థిరమైన శాతం పెట్టి వదిలేసే పద్ధతి మనకు సరిపోదు. కొరాపుట్ పిక్క దిగినట్టు వేరే చోటి పిక్క దిగదు.

## 6. ఎవరిని పిలవాలి

నాలుగుకు మించి పిలవకండి. పేర్ల వారీగా తెలుసుకోవాల్సింది ఇంత.

టాలీప్రైమ్: మీ అకౌంటెంట్‌కు, ఆడిటర్‌కు ఇప్పటికే వచ్చిన సాఫ్ట్‌వేర్. మీ కంప్యూటర్ మీదే నడుస్తుంది. ఉత్పత్తి ఫార్ములాలో కో-ప్రొడక్ట్, బై-ప్రొడక్ట్, స్క్రాప్ అని వేరుగా గుర్తించే వీలుంది. కొనుగోలు అనుమతులు, పీలింగ్ పీస్ రేటు లాంటివి కావాలంటే అదనపు ప్రోగ్రామింగ్ చేయించుకోవాల్సి రావచ్చు. చిన్న యూనిట్లు ఇక్కడే ఆగడం మంచి నిర్ణయమే.

ఈఆర్‌పీనెక్స్ట్: ఓపెన్ సోర్స్. మనిషికి ఇంత అని లైసెన్స్ రుసుము లేదు. సర్వర్‌కు, అమర్చేవాళ్లకు డబ్బు అవుతుంది. భారత జీఎస్టీకి ఇండియా కంప్లయన్స్ అనే యాప్ విడిగా వేయాలి. అమర్చే మనిషి మంచివాడైతేనే ఇది మంచి సాఫ్ట్‌వేర్.

ఓడూ: కమ్యూనిటీ వెర్షన్ ఉచితం, కానీ పూర్తి అకౌంటింగ్ ఎంటర్‌ప్రైజ్‌లోనే ఉంటుంది, దానికి మనిషి లెక్కన చెల్లించాలి. బై-ప్రొడక్ట్‌కు ఖర్చులో ఎంత శాతమో పెట్టుకోవచ్చు. "ఓడూ ఉచితం" అని ఎవరైనా చెబితే ఏ వెర్షనో అడగండి.

శాప్ బిజినెస్ వన్, మైక్రోసాఫ్ట్ బిజినెస్ సెంట్రల్: రెండూ భాగస్వామి కంపెనీల ద్వారా వస్తాయి. శాప్ బిజినెస్ వన్‌లో ఉప ఉత్పత్తిని ఫార్ములాలో మైనస్ పరిమాణంగా వేస్తారు. బిజినెస్ సెంట్రల్‌లో తయారీ భాగం ప్రీమియం లైసెన్స్‌లో ఉంటుంది, కొటేషన్‌లో ఎసెన్షియల్స్ అని ఉంటే అడగాల్సిందే. మూడు నాలుగు యూనిట్లు, ఎగుమతులు ఉన్నవాళ్లు చూడదగ్గవి.

మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఇంకో వడపోత ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి ఎంట్రీ మార్పును తేదీతో నమోదు చేసే ఎడిట్ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి. ఆ లాగ్‌ను ఆపే వీలు ఉండకూడదు. క్లౌడ్ అయితే రోజువారీ బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వర్‌లో ఉండాలి. ఈ రెండూ రాతపూర్వకంగా అడగండి.

## 7. డెమో మీ పద్ధతిలో నడిపించండి

ఫైలు రెండు రోజుల ముందే పంపండి, జవాబులు పంపకండి. అందరికీ అదే ఫైలు. డెమో రోజున వాళ్ల స్లైడ్లు వద్దని మర్యాదగా చెప్పి, ఈ వరుసలో చేయించండి.

1. 42 బస్తాల కొనుగోలు చీటీ, అడ్వాన్సు మినహాయింపుతో
2. అదే చీటీకి సెల్ఫ్ ఇన్వాయిస్
3. పలాసకు జాబ్ వర్క్ చలాన్, ఇ-వే బిల్లు, సగం సరుకే తిరిగి రావడం
4. 100 బస్తాల లాట్, ఐదు గ్రేడుల ఖరీదు
5. రెండు రాష్ట్రాల పార్టీలకు రెండు బిల్లులు, ఒక వాపసు
6. నిన్నటి తేదీ బిల్లులో కిలోలు మార్చడం. ఎవరు, ఎప్పుడు మార్చారో కనిపించాలి
7. మొత్తం బాకీల జాబితా ఎక్సెల్‌లోకి తీయడం

తర్వాత కీబోర్డు మీ గోడౌన్ గుమస్తా చేతికి ఇవ్వండి. మొదటి పని అతన్నే మళ్లీ చేయమనండి. మధ్యలో ఎవరూ సాయం పట్టకూడదు. ఒడియా మాత్రమే చదివే గుమస్తా, తెలుగు మాత్రమే చదివే సూపర్‌వైజర్ ఒకే గోడౌన్‌లో ఉండటం మన దగ్గర మామూలే. ఐటమ్ పేరు రెండు లిపుల్లోనూ వెతికితే దొరుకుతుందా, చీటీ రెండు భాషల్లో ప్రింటవుతుందా అని ఇక్కడే చూడండి. నిజంగా రోజూ వాడేది వీళ్లే. వీళ్లకు టెన్షన్ పెట్టే స్క్రీన్ కొంటే నెల తిరక్కుండా మళ్లీ నోట్‌బుక్ వస్తుంది.

ఇక్కడ జరిగే తప్పు: "అది తర్వాత చేసిపెడతాం" అన్న మాటను "ఉంది" అని రాసుకోవడం.

సరిచేసుకునే దారి: ప్రతి అంశం పక్కన మూడు గడులు పెట్టండి: ఇప్పుడే ఉంది, సెట్టింగ్‌తో వస్తుంది, ప్రోగ్రాం రాయాలి. మూడో గడిలో టిక్ పడితే ధర, గడువు పక్కనే రాయించండి.

## 8. మార్కులు వేయండి

నాలుగో దశలో నిలిచినవాటికే మార్కులు. నేను సూచించే పంపకం: ఖరీదు లెక్క 25, కొనుగోలు, జాబ్ వర్క్ నడక 25, గోడౌన్ వాళ్ల వాడకం 20, సపోర్ట్ 15, ఐదేళ్ల ఖర్చు 15. యజమాని, అకౌంటెంట్, గుమస్తా విడివిడిగా వేసి తర్వాత కలపండి. అకౌంటెంట్‌కు నచ్చి గుమస్తాకు అసలు నచ్చకపోతే సగటు తీసి వదిలేయకండి, కారణం తెలుసుకోండి.

సపోర్ట్ గురించి ముందుగా అడగాల్సింది: ఇంజినీరు ఎక్కడి నుంచి వస్తాడు? విశాఖ నుంచో, భువనేశ్వర్ నుంచో అయితే రాకపోకల ఖర్చు ఎవరిది? ఫోన్‌లో తెలుగులోనో ఒడియాలోనో మాట్లాడేవాళ్లు ఉన్నారా? వాళ్ల పాత పార్టీల్లో మీలాంటి యూనిట్ ఒకటి చూపించమనండి. అక్కడికి అమ్మేవాళ్లు లేకుండా వెళ్లి, ఆ అకౌంటెంట్‌తో టీ తాగి మాట్లాడండి.

## 9. ఐదేళ్ల ఖర్చు రాయండి

మొదటి ఏడాది ధర చూసి నిర్ణయించకండి. ఎనిమిది మందికి నెలకు మనిషికి 1,500 అన్న కొటేషన్ చిన్నదిగా కనిపిస్తుంది, ఐదేళ్లకు అది 7,20,000. అందరి కొటేషన్లనూ ఒకే ఫారంలో నింపించండి.

- లైసెన్స్ లేదా చందా, ఏటా పెరిగే శాతం
- సీజన్‌లో ఇద్దరిని చేర్చి తర్వాత తగ్గించుకునే వీలు
- అమర్చడం, పాత డేటా ఎక్కించడం, శిక్షణ
- ప్రోగ్రాం రాయాల్సిన పనులు, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు వాటిని మళ్లీ సరిచేసే ఖర్చు
- ఇ-ఇన్వాయిస్, ఇ-వే బిల్లు కనెక్షన్ రుసుము
- సర్వర్, యూపీఎస్, రెండో నెట్ కనెక్షన్
- ఏటా మెయింటెనెన్స్
- మానేస్తే డేటా తీసి ఇచ్చే రుసుము

## 10. కరెంటు, నెట్ పోయిన రోజు

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అటు ఉద్దానం, ఇటు గజపతి జిల్లా ఏమయ్యాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. క్లౌడ్ తీసుకుంటే నెట్ లేనప్పుడు చలాన్ ఎలా రాయాలి, తర్వాత ఎలా ఎక్కించాలి అని అడగండి. సొంత సర్వర్ అయితే బ్యాకప్ డిస్క్ అదే గదిలో పెట్టకండి, ఒక కాపీ వేరే ఊళ్లో ఉండాలి. బ్యాకప్ తీశామంటే సరిపోదు. డెమో కాలంలోనే ఒక బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిపించి చూడండి.

## 11. సంతకం పెట్టే ముందు

- డెమోలో ఒప్పుకున్న అంశాల జాబితా ఒప్పందానికి జతచేశారా
- డబ్బు విడతలు పని పూర్తయిన దశలకు ముడిపడి ఉన్నాయా, చివరి విడత మొదటి నెల రిటర్నులు దాఖలయ్యాకేనా
- అడ్మిన్ పాస్‌వర్డ్ మీ పేరు మీదేనా
- డేటా పూర్తిగా మీదే అని, అడిగితే ఎక్సెల్‌గానో డేటాబేస్‌గానో ఇస్తామని రాశారా
- మీ డబ్బుతో రాసిన ప్రోగ్రాం కోడ్ మీకు ఇస్తారా
- అమర్చే మనిషి పేరు, అతను మానేస్తే ఎవరు అన్నది ఉందా

## 12. ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి

ఏప్రిల్ 1న మొదలుపెట్టమని అందరూ చెబుతారు. జీడి యూనిట్‌కు ఆ రోజు మంచిది కాదు. మార్చి నుంచి జూన్ దాకా పిక్కల రాబడి, కాటా దగ్గర ఊపిరాడదు. దసరా, దీపావళి అమ్మకాలూ అయిపోయి సరుకు తక్కువున్న జనవరి 1 నాకు నచ్చిన తేదీ. సీజన్‌కు ముందు రెండు నెలలు చేతికి అలవాటు అవుతుంది. రైస్ మిల్లులు ఖరీఫ్ కొనుగోళ్లకు ముందే, ఆగస్టు, సెప్టెంబర్‌లో ముగించుకోవాలి.

ఏడాది మధ్యలో మారితే బిల్లు నంబర్లతో జాగ్రత్త. పాత సిరీస్ ఆపి, కొత్త అక్షరాలతో సిరీస్ మొదలుపెట్టండి. నంబరు మొత్తం 16 అక్షరాలు దాటకూడదు.

మొదటి రోజుకు సిద్ధంగా ఉండాల్సినవి:

- గ్రేడు వారీగా లెక్కపెట్టిన సరుకు, బోర్మాలో, పీలింగ్‌లో ఉన్న సగం సరుకుతో సహా
- బిల్లు వారీగా రావాల్సినవి, ఇవ్వాల్సినవి. మొత్తం ఒక్క అంకెగా ఎక్కించవద్దు
- రైతుల, దళారుల అడ్వాన్సులు పేరు పేరునా
- తిరిగి రావాల్సిన జాబ్ వర్క్ చలాన్లు, పంపిన తేదీతో
- శుభ్రం చేసిన ఐటమ్ జాబితా

ఐటమ్ జాబితా దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. డబ్ల్యూ-320, 320 గుండు, హోల్ 320 అని ఒకే సరుకు మూడు పేర్లతో ఉంటే స్టాక్ మూడు చోట్ల విడిపోతుంది. ప్రతి గ్రేడుకు ఒక్క కోడ్ పెట్టి, తెలుగు, ఒడియా పేర్లను మారుపేర్లుగా చేర్చండి. కొత్త ఐటమ్ తెరిచే అధికారం ఒక్కరికే ఇవ్వండి.

మొదటి నెల పాతదీ కొత్తదీ రెండూ నడపండి. ప్రతి ఎంట్రీని పోల్చుతూ కూర్చోకండి, ఎవరికీ అంత తీరిక ఉండదు. వారానికోసారి మూడే చూడండి: బ్యాంకు నిల్వ, గ్రేడు వారీ కిలోలు, పన్ను మొత్తం. తేడా వస్తే ఆ వారంలోనే పట్టుకోవాలి. తర్వాతి నెల 11లోగా జీఎస్టీఆర్-1ను (అమ్మకాల రిటర్ను) కొత్త సాఫ్ట్‌వేర్ నుంచే తీయండి. 14న వచ్చే జీఎస్టీఆర్-2బీతో (కొనుగోళ్ల క్రెడిట్ పట్టిక) కొనుగోళ్లు సరిచూసుకుని, 20లోగా జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్ను) వేయండి. రివర్స్ ఛార్జ్ మొత్తం, సెల్ఫ్ ఇన్వాయిస్‌ల మొత్తం సరిపోయాయో లేదో ఆడిటర్‌తో చూపించుకోండి.

లెక్కలన్నీ సరిపోతే రెండో నెల నుంచి పాతదాంట్లో ఎంట్రీలు ఆపేయండి. కానీ ఆ కంప్యూటర్‌ను, లైసెన్స్‌ను పారేయవద్దు. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల పాటు ఉంచాలి. కంపెనీ అయితే లెక్కల పుస్తకాలు ఎనిమిదేళ్లు. అందాకా పాత డేటా తెరుచుకునేలా ఉండాలి, దాని పాస్‌వర్డ్ కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.